"తాకీ తాకనట్టు": గిటార్ హార్మోనిక్స్ పాఠంలో ఒక నుడికారం

ప్రశ్న: గిటార్ మీద హార్మోనిక్స్ (తీగను నొక్కకుండా వేలు తగిలించి మీటితే వచ్చే పైస్వరాలు) పలికించడం నేర్పే తెలుగు పాఠాల్లో కొందరు "పన్నెండో ఫ్రెట్ దగ్గర వేలు తాకీ తాకనట్టు పెట్టండి" అంటున్నారు, మరికొందరు "అంటీ ముట్టనట్టు పెట్టండి" అంటున్నారు. (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ.) ఈ రెండూ ఇక్కడ ఒకే అర్థాన్నిస్తాయా? ఏది సరైనదో పెద్దలు వివరించగలరు.

సమాధానం: "అంటీ ముట్టనట్టు" ఇక్కడ పొసగదండీ. ఈనాటి వాడుకలో అది మనిషి ప్రవర్తనకే దాదాపుగా స్థిరపడిపోయింది. పెళ్లింటికి వచ్చి ఏ పనిలోనూ కలగజేసుకోని బంధువును గురించి చెప్పడానికి పనికొస్తుంది తప్ప వేలికీ తీగకూ అన్వయించదు. పైగా "అంటు" అనే క్రియలో అతుక్కోవడం అనే అర్థం కూడా ఉంది, హార్మోనిక్ పలికించే వేలు చేయకూడని పని సరిగ్గా అదే.

"తాకీ తాకనట్టు" సంగతి మాత్రం అంత సులువుగా తేలేది కాదు. "తాకి" అనే క్త్వార్థక రూపానికి ("చేసి", "వెళ్లి" లాంటిది) "కూడా" అనే అర్థమిచ్చే సముచ్చయం చేరి గ్రాంథికంలో "తాకియు" అయినది, వాడుకలో చివరి అచ్చు దీర్ఘమై "తాకీ"గా నిలిచింది; దాని పక్కన అదే ధాతువు వ్యతిరేక రూపం వచ్చి చేరింది. ఈ అచ్చులో పోసిన పలుకుబళ్లు మనకు చాలానే ఉన్నా, అన్నిటి అర్థమూ ఒక్క తీరుగా ఉండదు. "చూసీ చూడనట్టు", "వినీ విననట్టు" అన్నప్పుడు పని పూర్తిగా జరిగింది, జరగనట్టు నటించడమే ఉంది. "వచ్చీ రాని మాటలు", "తెలిసీ తెలియని వయసు", "విరిసీ విరియని మొగ్గ" అన్నప్పుడు పనే సగంలో ఉంది. గిటార్ పాఠంలో "తాకీ తాకనట్టు" అనే మాట విన్న విద్యార్థి సహజంగా ఈ రెండో అర్థమే తీసుకుంటాడు, అంటే తీగను సగం తాకాలనుకుంటాడు. అలా వేలు తీగకు ఆనీ ఆనకుండా వణుకుతుంటే వినిపించేది హార్మోనిక్ కాదు, మామూలు ఖాళీ తీగ శబ్దం, లేదా రెండూ కలిసిన గరగర.

కారణం తీగలోనే ఉంది. మీటిన తీగ ఒక్క స్వరాన్నే పలకదు. మొత్తం పొడవుగా, రెండు భాగాలుగా, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా ఏకకాలంలో కంపిస్తూ ఆ స్వరాలన్నిటినీ కలిపి వినిపిస్తుంది. లావు తీగ 82.4 హెర్ట్జ్‌కు శ్రుతి చేసి ఉంటే అందులో 164.8, 247.2, 329.6 హెర్ట్జ్ స్వరాలు అప్పటికే ఉంటాయి. తీగ సరిగ్గా సగంలో, అంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర, రెండు భాగాల కంపనానికి కదలిక లేదు. మన భౌతికశాస్త్ర పుస్తకాలు దానిని అస్పందన స్థానం అంటాయి. 1701లో ఫ్రెంచి శాస్త్రవేత్త జోసెఫ్ సోవర్ ఇలాంటి చోట్లను ముడులు అని పిలిచాడు, నాకు ఆ మాట కూడా ఇష్టమే. అక్కడ వేలు పెడితే, ఆ బిందువు దగ్గర కదలవలసిన కంపనాలన్నీ, ముఖ్యంగా మూలస్వరం (తీగ మొత్తం పొడవుగా కంపిస్తే వచ్చేది), అణగిపోతాయి. అక్కడ కదలనివి మాత్రం మిగులుతాయి. మూలస్వరాన్ని అణచాలంటే స్పర్శ నిజంగా ఉండాలి, సందేహం లేని స్పర్శ కావాలి. లేకుండా ఉండవలసింది ఒత్తిడి.

అందువల్ల పాఠంలో "తాకండి, నొక్కకండి" అని రెండు క్రియలు వాడడమే మేలని నా అభిప్రాయం. నుడికారపు సొగసు వదులుకోలేమంటే "తాకీ నొక్కనట్టు" అనవచ్చు. "అంటీ ముట్టనట్టు"లో రెండు ధాతువులు ఉన్నట్టే ఇందులోనూ ఉంటాయి కనుక చెవికి మరీ కొత్తగా తోచదు.

చోటు చెప్పేటప్పుడు కూడా మాట విషయంలో జాగ్రత్త అవసరం. మామూలుగా వాయించేటప్పుడు ఫ్రెట్‌కు (వీణవారి మాటలో మెట్టుకు) వెనుక నొక్కుతాం, అయినా "ఏడో ఫ్రెట్ మీద" అనే అంటాం. హార్మోనిక్‌కు వేలు నిజంగానే ఆ లోహపు కమ్మీకి ఎదురుగా, తీగ మీద ఉండాలి. 650 మిల్లీమీటర్ల తీగలో మూడో వంతు, నాలుగో వంతు బిందువులు ఏడో, అయిదో ఫ్రెట్‌లకు అర మిల్లీమీటరు తేడాలో పడతాయి, వేలికి ఆ తేడా తెలియదు. అయిదో వంతు బిందువు మాత్రం నాలుగో ఫ్రెట్ కంటే సుమారు నాలుగు మిల్లీమీటర్లు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వైపు ఉంటుంది. "నాలుగో ఫ్రెట్ మీద" అని చెప్పి ఊరుకుంటే విద్యార్థికి ఆ స్వరం దొరకదు.

మరొకరి వ్యాఖ్య: మా ఇంట్లో ఇలాంటి చోట "ఆన్చు" అంటాం. "వేలు ఆన్చి మీటు" అంటే సరిపోదా, మాస్టారూ?

సమాధానం: చక్కటి మాట సూచించారు. గ్లాసు పెదవికి ఆన్చడంలో ఉన్న తేలికదనం ఇక్కడ సరిగ్గా కావలసినదే. కాకపోతే నిచ్చెనను గోడకు ఆన్చినప్పుడు బరువు కూడా గోడ మీద పడుతుంది, ఆన్చినది అక్కడే ఉండిపోతుంది. హార్మోనిక్‌లో తీగను మీటిన వెంటనే వేలు తీసేస్తేనే స్వరం స్వచ్ఛంగా, ఎక్కువసేపు మోగుతుంది. వేలికి వెడల్పు ఉంటుంది కనుక అక్కడే ఉంచితే కావలసిన కంపనాన్ని కూడా కొంత తినేస్తుంది. కాబట్టి "ఆన్చి, మీటి, వెంటనే తీయండి" అని మూడూ చెబితే మీ మాటకు నా అభ్యంతరం ఏమీ లేదు.

అయితే కృత్రిమ హార్మోనిక్స్ (ఖాళీ తీగ మీద కాక, నొక్కి ఉంచిన తీగ మీద పలికించేవి) దగ్గరికి వచ్చేసరికి నొక్కడానికీ తాకడానికీ తేడా ఒకే వాక్యంలో చెప్పక తప్పదు. ఎడమచేతి వేలు రెండో ఫ్రెట్ దగ్గర తీగను గట్టిగా నొక్కి ఉంచుతుంది. కుడిచేతి చూపుడు వేలు దానికి పన్నెండు ఫ్రెట్ల అవతల, పద్నాలుగో ఫ్రెట్ కమ్మీకి ఎదురుగా, అదే తీగను తాకుతుంది. ఆ చేతి ఉంగరపు వేలో బొటనవేలో మీటుతుంది. ఇక్కడ రెండు చేతులకూ "పెట్టండి" అనే ఒక్క క్రియ వాడిన పాఠాన్ని చదివి ఎవరూ వాయించలేరు.