లిసిప్పస్ 1500 విగ్రహాలు: ఒక్కడి గొప్పేనా?

చరిత్రపిచ్చి:
అలెగ్జాండర్ తన బొమ్మ కంచులో చేసే పని గ్రీకు శిల్పి లిసిప్పస్‌కి తప్ప ఎవరికీ ఇవ్వలేదంటారు. రోమన్ రచయిత ప్లినీ లెక్క ప్రకారం ఆయన చేసినవి 1500. ఒక్కో విగ్రహానికి వచ్చిన డబ్బులోంచి ఒక బంగారు నాణెం తీసి దాచేవాడట, పోయాక వారసుడు ఆ దాపు పగలగొడితే లెక్క బయటపడిందట. హెలెనిస్టిక్ కాలం, అంటే అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు కాలపు కంచు శిల్పం మొత్తం ఆయన వేసిన దారే అని నా మాట, కాదనేవాళ్ళు చెప్పండి.

కొలిమి:
నేను కాదంటా. యాభై ఏళ్ళు పనిచేశాడనుకున్నా ఏడాదికి 30 విగ్రహాలు. ఒక్క మనిషంత విగ్రహం పోత పొయ్యాలంటే ఎంత పనో తెలుసా, మైనం పూత వెయ్యాలి, దాని మీద మట్టి పట్టించాలి, కాల్చి మైనం కరిగించాలి, కంచు పొయ్యాలి, మట్టి పగలగొట్టాక తేలిన చిల్లులకి చిన్న చిన్న ముక్కలు కోసి అతికి అరగదియ్యాలి. తల వేరు, చేతులు వేరు పోసి అతికేవాళ్ళు. ఒక్కడి చేతుల్తో అయ్యేదా ఇది?

చరిత్రపిచ్చి:
ఒంటరిగా చేశాడని నేనెక్కడన్నానండీ. ఊహ ఆయనది. ఆయన శిష్యుడు ఖారెస్ రోడ్స్ అనే గ్రీకు దీవిలో 70 మూరల సూర్యుడి విగ్రహం 12 ఏళ్ళు కట్టించాడు, దానికీ పేరు ఖారెస్‌దే కదా.

పద్మజ:
ఆ నాణేల కథ నిజమేనా? ప్లినీ మూడొందల ఏళ్ళ తర్వాతవాడు కదా.

కొలిమి:
నిజమే అనుకోండి. ఆయన నాణేలు లెక్కపెట్టారు, మైనం కరిగించినోడి కూలి ఎవడు లెక్కపెట్టాడు?

చరిత్రపిచ్చి:
మళ్ళీ అదే. మీకు గొప్పోళ్ళంటే పడదు, అందుకే ప్రతి చర్చనీ కూలి దగ్గరికి లాగుతారు.

కొలిమి:
నాకు పడనిది ఏంటో చెప్తా వినండి. మా నాన్న 22 ఏళ్ళు విగ్రహాల పోతలో పనిచేశాడు. మా ఊరి సెంటర్లో ఉన్న విగ్రహానికి చెయ్యి అతుకు కనపడకుండా నెల రోజులు అరగదీశాడు, ఆ వేడికి, ఆ పొగకి కళ్ళు పాడయ్యాయి. పీఠం మీద నాన్న పేరు లేదు, పని ఇచ్చినాయన పేరుంది. రోమ్‌లో 1885లో దొరికిన పాత కంచు విగ్రహం, బాక్సర్ ఉన్నాడు చూశారా, కూర్చుని తల తిప్పి చూస్తుంటాడు, మోకాలి పైన, చేతి మీద రక్తం చుక్కలకి ఎర్ర రాగి పొదిగారు, కుడి కంటి కింద కమిలిన చోట వేరే రంగు కంచు. ఎక్కడ ఎంత రాగి పెట్టాలో చూసిన చెయ్యి ఎవరిదో పేరు లేదు. నా బాధ అదీ.

చరిత్రపిచ్చి:
నాన్నగారి సంగతి తెలియక మాట తూలాను, మన్నించండి. కానీ నా భయం వేరే. లిసిప్పస్ చేసిందని గట్టిగా చెప్పగల కంచు విగ్రహం ఇవాళ ఒక్కటీ లేదు. తర్వాతి వాళ్ళు కంచు కనపడితే చాలు కరిగించేశారు. మిగిలింది పాలరాతి నకళ్ళు, ఈ పేరు. పేరు కూడా కాదంటే ఇంకేం మిగిలిందండీ మనకి?

దారినపోతూ:
పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పియోంబినో అపోలో అనే పాత కంచు విగ్రహం చూడండి. 1832లో సముద్రంలో దొరికింది. పదేళ్ళ తర్వాత శుభ్రం చేస్తుంటే కడుపులోంచి సీసం రేకు ముక్కలు వచ్చాయి, చేసిన ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి, ఒకడిది టైర్ (ఇప్పటి లెబనాన్‌లోని ఊరు), ఒకడిది రోడ్స్.

చరిత్రపిచ్చి:
వాళ్ళిద్దరూ శిల్పులే, పోతగాళ్ళు కాదు.

కొలిమి:
రేకు మీద "చేశారు" అనే ఉంది. శిల్పులో, పోతగాళ్ళో, రెండూ వాళ్ళేనో మీకెవరు చెప్పారు? అసలు పేరు లోపల ఎందుకు దాచుకోవాల్సొచ్చింది, బయట పీఠం మీద రాయనిచ్చేవాళ్ళు కాదా? నాకు దీనికి జవాబు కావాలి.