చేతి కుట్టు పనికి పీస్ రేటు ఎలా లెక్కగట్టాలి?

ప్రశ్న – తిరుపతి, కొర్లగుంట నుంచి

నేను ఆరేళ్ళుగా ఇంటి దగ్గరే ఉండి ఒక టైలరింగ్ దుకాణానికి చేతి కుట్టు పని చేసిపెడుతున్నాను. చీరలకు ఫాల్ కుట్టడం, జాకెట్లకు మెడ, చేతుల అంచులు హెమ్మింగ్ చేసి హుక్కులు, కాజాలు వేయడం నా పని. ఫాల్‌కు 40 రూపాయలు, జాకెట్టుకు 25 రూపాయలు ఇస్తారు. దారం, సూదులు నావే. నాలుగేళ్ళ క్రితం కుదుర్చుకున్న ఈ రేటు ఇప్పటికీ మారలేదు. అదే దుకాణంలో కస్టమర్ల దగ్గర తీసుకునే మజూరీ మాత్రం ఈలోగా రెండుసార్లు పెరిగింది. ముహూర్తాల రోజుల్లో, కొండ మీద పెళ్ళి చేసుకునేవాళ్ళ చీరలని రాత్రి ఎనిమిదింటికి ఇచ్చి తెల్లవారేసరికి కావాలంటారు. దానికీ అదే రేటు.

పోయిన నెల ఒక పట్టుచీర అంచు గుంజుకుపోయిందని నా కూలీలో 300 రూపాయలు పట్టుకున్నారు. ఆ ఫాల్ దుకాణం ఇచ్చినదే. తడపకుండా ఇచ్చి, వెంటనే కుట్టేయమన్నారు. రేటు పెంచమని అడగాలనుకుంటున్నాను, కానీ ఎంత అడిగితే న్యాయంగా ఉంటుందో, ఏ లెక్క చూపించాలో తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – కటింగ్ మాస్టర్, చిత్తూరు

అమ్మా, నేను ఇరవై ఏళ్ళుగా దుకాణం నడుపుతున్నవాణ్ణి కాబట్టి మా వైపు కష్టం కూడా నాకు తెలుసు. అద్దె, కరెంటు కట్టాలి, కుట్టించుకుని నెలల తరబడి తీసుకెళ్ళనివారి బట్టలు అల్మారాలో పెట్టుకోవాలి. అయినా మీకు ఇస్తున్నది తక్కువేనని నిస్సందేహంగా చెబుతాను. కస్టమర్ ఇచ్చే మజూరీలో ఇంత భాగం కావాలని అడగకండి, ఆ వాదన ఎక్కడా తెగదు. మీ చేతికి పట్టే సమయాన్ని బట్టి అడగండి.

ఫాల్ దాదాపు రెండున్నర మీటర్ల పొడవుంటుంది. పైఅంచు, కిందిఅంచు రెండూ కుట్టాలి కాబట్టి మీ సూది ఐదు మీటర్లకు పైగా నడుస్తుంది, అదీ జరీ మీద కుట్టు పైకి కనబడకుండా. దానికి ముందు ఫాల్‌ను నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. అలా చేయకపోతే మొదటి ఉతుకులోనో, తడి తగిలినప్పుడో అది కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. ఈ పనికి ఎవరూ డబ్బు లెక్కగట్టరు. అంతా కలిపి గంటా పావు పడుతుందనుకుందాం. ఎనిమిది గంటలకు 500 రూపాయల కూలీ అనుకుంటే గంటకు 62 రూపాయల 50 పైసలు, ఫాల్‌కు 78 రూపాయలు. జాకెట్టుకు యాభై నిమిషాలు పడితే 52 రూపాయలు. దారం దుకాణమే ఇవ్వాలి. నేను పట్టుకు వేరే రేటు ఇస్తాను, రాత్రి పనికి ఒకటిన్నర రెట్లు ఇస్తాను.

జవాబు – కార్మిక చట్టాలు చదివినవాడిని, తిరుపతి

మాస్టర్ గారి లెక్కకు చట్టంలోనూ ఆధారం ఉంది. పీస్ రేటు, అంటే ఒక్కో బట్టకు ఇంతని కూలీ, విడిగా నిర్ణయించని పనికి, కాలాన్ని బట్టి నిర్ణయించిన కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వకూడదని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా ఆ సూత్రాన్ని నిలుపుకుంది. వ్యాపారం కోసం సరుకు ఇచ్చి ఇంటి దగ్గర పని చేయించుకున్నా, ఆ పనివారిని 1948 చట్టం ఉద్యోగి నిర్వచనంలోనే చేర్చింది. మన రాష్ట్రంలో కనీస వేతనానికి చేరే కరువు భత్యాన్ని ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సవరిస్తారు. అలాంటప్పుడు నాలుగేళ్ళపాటు ఒకే రేటు ఉండడం సరికాదు. ప్రస్తుత కనీస వేతనం రోజుకు ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి రాసుకుని, 500 స్థానంలో దాన్ని పెట్టి చూడండి.

ఇక కోత గురించి. నష్టానికి వేతనం కోయాలంటే అది పనివారి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలనీ, కోసే ముందు వారి మాట వినాలనీ 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం నియమం పెట్టింది. తడపని ఫాల్ ఇచ్చినవారు మిమ్మల్ని తప్పుపట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

జవాబు – పుత్తూరు నుంచి, ఇదే పని చేసే మనిషిని

అక్కా, నేను బట్ట తీసుకునేటప్పుడే దుకాణంలో విప్పి చూస్తాను. మరక, చిరుగు, తడపని ఫాల్ ఏది ఉన్నా నా నోటు పుస్తకంలో రాసి, ఇచ్చినవారితో సంతకం పెట్టించుకుంటాను. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళే పుస్తకం అడుగుతున్నారు. గుండీలు, దారాలు కొన్న రోజు ఖర్చు కూడా అందులోనే వేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న గడియారం ముందు పెట్టుకుని మూడు చీరలు కుట్టాను. నూలు చీరకు 58 నిమిషాలు, రెండు పట్టుచీరలకు 80, 85 నిమిషాలు పట్టాయి; తడిపి ఇస్త్రీ చేసిన సమయం ఇందులో కలపలేదు. నూలు చీరకు 65, పట్టుచీరకు 95, జాకెట్టుకు 50, దారం దుకాణానిదే అని ఒక కాగితం మీద రాసుకున్నాను. పట్టుకున్న 300 రూపాయల సంగతి కూడా శుక్రవారం బట్టలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడే అడుగుతాను.