కౌన్సిల్ వోకింగ్‌హామ్, ఎంపీ సీటు ఎర్లీ అండ్ వుడ్లీ: ఈ హద్దుల లెక్క ఏమిటి?

ప్రశ్న (లోయర్ ఎర్లీ నివాసి)

మాది ఇంగ్లండ్‌లో బెర్క్‌షైర్ కౌంటీ, రీడింగ్ పక్కనే. కౌన్సిల్ ట్యాక్స్ వోకింగ్‌హామ్ బరోకి (స్థానిక కౌన్సిల్ ప్రాంతానికి) కడతాం. ఇదివరకు ఎంపీ సీటు కూడా వోకింగ్‌హామే. 2024 ఎన్నికల నుంచి ఎర్లీ అండ్ వుడ్లీ అయింది. విట్లీ వాళ్లదీ ఇదే సీటు, కానీ వాళ్ల కౌన్సిల్ రీడింగ్. కౌన్సిలుకీ సీటుకీ పొంతన లేకుండా ఎందుకు గీశారు? మళ్లీ మారుస్తారా? మారిస్తే భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చా?

జవాబు 1 (బెర్క్‌షైర్ మ్యాపులు)

రీడింగ్ బరో దగ్గర మొదలుపెడితే చిక్కు విడిపోతుందండి. ఎంపీ సీట్ల హద్దుల 2023 సమీక్షలో కోటా, అంటే సీటుకి సగటున ఉండాల్సినవాళ్లు, 73,393 మంది ఓటర్లు. అయిదు శాతం అటూ ఇటూ అంటే ఏ సీటూ 69,724కి తగ్గకూడదు, 77,062 దాటకూడదు. ఇది చట్టం, సర్దుబాటుకి చోటు లేదు. బ్రిటన్‌లో మినహాయింపు ఉన్నవి అయిదు ద్వీప సీట్లే, వాటిలో రెండు ఐల్ ఆఫ్ వైట్‌వి.

రీడింగ్ ఓటర్లు ఒక సీటుకి చాలా ఎక్కువ, రెండు సీట్లకి కనీసం కావలసిన 1,39,448కి తక్కువ. అంటే బరో గీత దాటక తప్పదు. ఊరి నడుమ రీడింగ్ సెంట్రల్ పెట్టారు. పడమటి వార్డుల్ని వెస్ట్ బెర్క్‌షైర్ పల్లెలతో కలిపి రీడింగ్ వెస్ట్ అండ్ మిడ్ బెర్క్‌షైర్ చేశారు. దక్షిణాన మిగిలిన చర్చ్, విట్లీ వార్డులకి ఆనుకుని ఉన్నవి ఎర్లీ, షిన్‌ఫీల్డ్. అలా కొత్త సీటు పుట్టింది. పాత మ్యాపులో వుడ్లీలో ఎక్కువ భాగం, చర్చ్ వార్డు రీడింగ్ ఈస్ట్‌లో ఉండేవి, విట్లీ రీడింగ్ వెస్ట్‌లో, మీ లోయర్ ఎర్లీ వోకింగ్‌హామ్‌లో. వేర్వేరు పాత సీట్ల ముక్కలు కలిసి ఒకటయ్యాయి.

బెర్క్‌షైర్ మొత్తం మీద ఎనిమిది సీట్లు తొమ్మిదయ్యాయి. అయినా లెక్క కౌంటీ లోపలే ముగియలేదు. బెర్క్‌షైర్, హాంప్‌షైర్, సర్రే మూడింటినీ ఒక గుంపుగా తీసుకున్నారు. అందుకే విండ్సర్ సీటులో సర్రేకి చెందిన ఎంగిల్‌ఫీల్డ్ గ్రీన్, వర్జీనియా వాటర్ ఉన్నాయి. విండ్సర్‌లో ఉండి ఇది అన్యాయం అనుకునేవాళ్ల బాధ నిజమే, కానీ గీతని ఒకచోట వెనక్కి జరిపితే పక్క సీటు 69,724 కిందకి పడిపోవచ్చు.

జవాబు 2 (సమీక్ష పత్రాలు చదివేవారు)

పై లెక్కకి ఒకటి చేర్చాలి. ఇక్కడ లెక్కించేది జనాభాని కాదు, ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్లని. భారత్‌లో డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) జనాభా మీద, అదీ పాత జనగణన మీద ఆధారపడుతుంది. అందుకే మల్కాజ్‌గిరిలో 2024 నాటికి ఓటర్లు 37 లక్షలు దాటారు. ఇక్కడ 2023 సమీక్షకి తీసుకున్నది 2020 మార్చి 2 నాటి జాబితా. ఆ తర్వాత షిన్‌ఫీల్డ్‌లో ఎన్ని ఇళ్లు లేచినా ఆ సమీక్షలో లెక్కకి రాలేదు.

తదుపరి నివేదిక 2031 అక్టోబరు 1 లోపు రావాలి, ఆపైన ఎనిమిదేళ్లకొకటి. అభిప్రాయం ఎవరైనా పంపొచ్చు, భారత పాస్‌పోర్టు అడ్డు కాదు. పోయినసారి మూడు విడతలు జరిగాయి: మొదటి ప్రతిపాదనల మీద ఎనిమిది వారాలు, బహిరంగ విచారణలతో కలిపి ఆరు వారాలు, సవరించిన ప్రతిపాదనల మీద నాలుగు వారాలు. మొదటి విడత వదిలేసి చివర్లో రాస్తే గీత కదిలే అవకాశం బాగా తగ్గుతుంది.

రాసేటప్పుడు వార్డు పేరు, ఆ వార్డు ఓటర్ల సంఖ్య, దాన్ని ఎక్కడ చేర్చాలి, అప్పుడు రెండు సీట్ల మొత్తాలు ఎంతవుతాయి, ఇవి నాలుగూ ఉండాలి. ‘మా ఊరిని విడదీయొద్దు’ అని వెయ్యి సంతకాలు పెట్టినా, పక్క సీటు లెక్క చూపకపోతే నిలబడదు. సీట్ల హద్దులు గీసే బౌండరీ కమిషన్ సంతకాలు లెక్కపెట్టదు, కారణాలు తూస్తుంది. బడి ఎక్కడ, బస్సు ఏ దారిన పోతుంది, బజారుకి జనం ఎటు వెళ్తారు అన్న వివరాలు ‘స్థానిక సంబంధాలు’ కిందకి వస్తాయి, వాటికి విలువ ఉంది. ఏ పార్టీ గెలుస్తుందన్నది, ఇళ్ల ధరలు, పిన్‌కోడ్ లాంటివి రాస్తే పక్కన పెట్టేస్తారు. ప్రతిపాదన నచ్చితే అదీ రాయండి. నచ్చినవాళ్లు ఊరుకుంటే, వ్యతిరేకించేవాళ్ల ఉత్తరాలే కమిషన్ ముందు మిగులుతాయి.

అడిగినవారు

ధన్యవాదాలండి. వార్డు పేర్లతోనే ఇంకో తికమక. 2024 మే కౌన్సిల్ ఎన్నికల్లో మా వార్డు హద్దు మారింది. ఎంపీ సీటు కూడా మారినట్టేనా?

జవాబు 3 (బెర్క్‌షైర్ మ్యాపులు)

లేదండి. రెండూ వేర్వేరు సంస్థల పనులు. వార్డులు చూసేది లోకల్ గవర్నమెంట్ బౌండరీ కమిషన్ ఫర్ ఇంగ్లండ్, ఎంపీ సీట్లు చూసేది బౌండరీ కమిషన్ ఫర్ ఇంగ్లండ్. సీట్ల ఉత్తర్వు 2020 డిసెంబరు 1 నాటి వార్డుల మీద నిలిచింది. తర్వాత వార్డు గీత జరిగినా సీటు గీత జరగదు. దాంతో ఒకే కొత్త వార్డు రెండు వేర్వేరు సీట్లలో పడొచ్చు. వార్డు పేరు చూసి ఎంపీ ఎవరో తేల్చుకోవద్దు. పోస్ట్‌కోడ్ కూడా హద్దు దగ్గర పొరపాటు చూపొచ్చు, కాబట్టి పూర్తి చిరునామాతో వెతకండి, లేదా ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ మ్యాపుల సంస్థ) ఎలక్షన్ మ్యాప్స్‌లో ఇంటి దాకా దగ్గరగా చూడండి. అనుమానం తీరకపోతే కౌన్సిల్ ఎలక్టోరల్ సర్వీసెస్‌ని (ఎన్నికల విభాగాన్ని) అడగండి, పోలింగ్ డిస్ట్రిక్టు కోడ్ చెప్తారు.

ఇంకో మాట. భారత పౌరులు కామన్‌వెల్త్ పౌరుల కిందకి వస్తారు. 18 ఏళ్లు నిండి, ఇక్కడ ఉండేందుకు అనుమతి ఉంటే, వర్క్ వీసా మీద ఉన్నా పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది. బూత్‌లో గుర్తింపుగా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. అయితే ముందు జాబితాలో పేరుండాలి, అద్దె ఇల్లు మారినప్పుడల్లా మళ్లీ నమోదు చేసుకోవాలి. మన వీధుల్లో చాలామంది ఇది వదిలేస్తున్నారు. నమోదు కానివాళ్లు తర్వాతి సమీక్షలో కోటా లెక్కకి కూడా రారు.