మామ్మ కాసులపేరులో రోమన్ నాణెం లాంటిదొకటి ఉంది, కరిగించొచ్చా?

పర్లాకిమిడి కుర్రోడు:
అందరికీ నమస్కారమండి. మా మామ్మ కాసులపేరు చెల్లి పెళ్లికి కరిగించి గాజులు చేయిద్దామని ఇంట్లో అనుకుంటున్నారు, అందులో ఒక బిళ్ల మాత్రం వేరేగా ఉంది. ఒకవైపు టోపీ పెట్టుకుని ఈటె భుజం మీద వేసుకున్న మనిషి మొహం, రెండోవైపు రెక్కలున్న ఆడమనిషి పొడుగాటి శిలువ పట్టుకుని నిలబడి ఉంది, అడుగున సి ఓ ఎన్ ఓ బి అని అక్షరాలు. తల పైన రెండు చిల్లులు. కంసాలి తూస్తే 4.3 గ్రాములు వచ్చింది. ఇదేటో తెలిసినోళ్లు చెప్పండి, వచ్చే వారం కంసాలికి ఇచ్చేస్తారు.

బరంపురం నాణేలు:
తమ్ముడూ ముందు కరిగించడం ఆపించు!! నువ్వు చెప్పినదంతా సాలిడస్ అనే పాత రోమన్ బంగారు నాణెం లాగే ఉంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రీ.శ. 309 ప్రాంతంలో మొదలెట్టాడు, ఒక రోమన్ పౌను (అప్పటి తూకం, దాదాపు 325 గ్రాములు) బంగారానికి 72 నాణేలు, అంటే ఒక్కోటి సుమారు 4.5 గ్రాములు. అంతకుముందు ఆరియస్ అని బంగారు నాణెం ఉండేది, నీరో చక్రవర్తి టైంలో పౌనుకి 45, డయోక్లీషియన్ వచ్చేసరికి 60, అలా బరువు తగ్గుతూనే వచ్చింది, కానీ ఈ 72 లెక్క మాత్రం తూర్పు రోమన్ల రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో వందల ఏళ్లు నిలబడింది, నాకు వీటి మీద ఇంత ఇష్టం అందుకే. ఆ అక్షరాల్లో మొదటి మూడూ ఆ కాన్‌స్టాంటినోపుల్ పేరుకి పొట్టి రూపం, ఓ బి అంటే శుద్ధి చేసిన బంగారం, గ్రీకు అంకెల్లో అదే 72 కూడా. శిలువ పట్టుకున్న విజయదేవత బొమ్మ రెండో థియోడోసియస్ చక్రవర్తి కాలం నుంచి, అంటే 420 ప్రాంతం నుంచి వస్తుంది. మొహం చుట్టూ డి ఎన్ (మన ప్రభువు అని అర్థం) తర్వాత ఏం రాసుందో చదివి చెప్పు, రాజు పేరు అక్కడే ఉంటుంది.

రాయగడ మాస్టారు:
ఆ అక్షరాలు తిన్నగా ఉన్నాయా గజిబిజిగా ఉన్నాయా చూడు బాబూ, ఎందుకంటే రోమన్ నాణేలు చూసి మన దేశంలోనే బంగారంతో నకళ్లు చేసేవారు, వాటిలో అక్షరాలు చదవడానికి రావు. నకలైనా పాతదైతే విలువ తక్కువేం కాదు, నా లెక్కలో మన చరిత్రకి అదే ఎక్కువ చెప్తుంది. చిల్లులు చూసి పాడైపోయిందనుకోకు, కర్ణాటకలో అక్కి ఆలూరు దగ్గర దొరికిన నాణేల్లో కూడా చాలావాటికి తల పైన ఇలాగే జంట చిల్లులు, మెళ్లో వేసుకునేవారు కదా. కంసాలిని గీటురాయి మీద రుద్దొద్దని, యాసిడ్ పెట్టొద్దని చెప్పు, నీళ్లలో తూచి చూడమను, మంచి బంగారమైతే నీళ్ల కంటే 18, 19 రెట్లు బరువుంటుంది. కుంకుడు రసం పెట్టి బ్రష్‌తో తోమడం కూడా వద్దు.

గుణుపురం అక్క:
ఇంకోటి, ఆన్‌లైన్‌లో ఫారిన్ వాళ్లు ఎక్కువ రేటు ఇస్తామంటారు, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం దేశం దాటించకూడదు. పొలంలో దొరికినదైతే కలెక్టర్‌కి చెప్పాలి, మీది ఇంట్లో నగ కాబట్టి ఆ గొడవ వేరు. ఆ ఒక్క బిళ్ల విప్పించి పక్కన పెట్టండి, మిగతావి కరిగించుకోండి, పెళ్లి పనీ ఆగదు. రెండు వైపులా, అంచు కూడా కనపడేలా ఎండలో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి.