తమ్ముడి వెన్నునీరు సీబీనాట్‌లో నెగటివ్ వచ్చింది, టీబీ మందులు ఆపెయ్యొచ్చా?

కోనసీమ అన్న:
మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరండి. తమ్ముడికి 24 ఏళ్ళు, రొయ్యల చెరువు మీద పని. మూడు వారాలుగా పొద్దు గుంకేసరికి జ్వరం, తలనొప్పి. టైఫాయిడ్ అని ఊళ్ళోనే ఇంజెక్షన్లు చేశారు. మొన్న ఆదివారం అమ్మ అన్నం కలిపి పెడుతుంటే, ముద్ద చేతిలోనే పట్టుకుని "ఈవిడెవరు?" అన్నాడు. వెంటనే కాకినాడ తీసుకొచ్చాం. వెన్నులో నీరు తీసి చూస్తే కణాలు, ప్రోటీన్ ఎక్కువ, షుగర్ తక్కువ. మెదడు పొరలకు టీబీ పట్టి ఉంటుందని అదే రాత్రి మందులు మొదలెట్టారు. ఇవాళ సీబీనాట్ అనే మిషన్ పరీక్షలో టీబీ క్రిమి లేదని వచ్చింది. లేని జబ్బుకి మందులేంటి, లివర్ పోతుంది, ఆపించెయ్యమని చుట్టాలంతా ఒకటే పోరు. టెన్షన్‌తో నిద్ర లేదు.

భీమవరం వాసి:
మా మావయ్యకి తెమడ పరీక్ష చేస్తే ఆ మిషనే రెండు గంటల్లో టీబీ అని తేల్చేసిందండి. అంత మంచి మిషన్ లేదంటే లేనట్టేనేమో. ఇంకో డాక్టరుగారికి చూపించండి.

ల్యాబ్ అక్క:
తమ్ముడూ, డాక్టరుగారు చెప్పకుండా ఒక్క పూట కూడా మందులు ఆపకు. పైన ఆయన చెప్పింది తెమడ సంగతి. అందులో క్రిములు బోలెడు ఉంటాయి, వెన్నునీటిలో బహు కొద్ది. మిషన్‌లో శాంపిల్ వేసి పెట్టే డబ్బీని కార్ట్రిడ్జ్ అంటాం. పాత రకం కార్ట్రిడ్జ్‌కి మిల్లీలీటరులో సుమారు వంద పైన క్రిములు ఉంటేగాని దొరకవు. 2017లో వచ్చిన అల్ట్రా అనే కొత్త రకం సుమారు 16 ఉన్నా పట్టగలదు. అదీ కొన్నిసార్లు తప్పిపోతుంది. పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. నెగటివ్ వస్తే మాత్రం జబ్బు లేదని కాదు.

పదకొండేళ్ళుగా నేను ఆ మిషన్ దగ్గరే కూర్చుంటున్నాను. వార్డు నుంచి వచ్చే సీసాలో ఒక్కోసారి మిల్లీలీటరు కూడా ఉండదు. కణాల లెక్కకి, ప్రోటీన్‌కి, కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే పరీక్షకి) పోగా మాకు మిగిలేది అడుగున నాలుగు చుక్కలు. ఒక కుర్రాడిది అలాగే వస్తే నెగటివ్ అని నా చేత్తోనే రిపోర్టు కొట్టాను. వాళ్ళ డాక్టరుగారు మందులు ఆపలేదు. నాలుగు రోజులకి మళ్ళీ తీసి, ఈసారి 8 మిల్లీలీటర్లు పంపారు. సీసా కాసేపు కదపకుండా పెడితే తేట నీటిలో సాలెగూడు లాంటి సన్నటి తెర కట్టింది. సెంట్రిఫ్యూజ్ అనే మిషన్‌లో గిర్రున తిప్పి, పై నీళ్ళు తీసేసి, అడుగు మడ్డి కార్ట్రిడ్జ్‌లో వేశాను. పాజిటివ్. ఆ కుర్రాడి మొదటి రిపోర్టు నాకిప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

నువ్వు అడగాల్సింది ఇది: ఎంత నీరు పంపారు, తిప్పి చేశారా, అల్ట్రాయేనా, మళ్ళీ తీయడానికి వీలవుతుందా? కల్చర్‌కి ఆరు వారాలు పట్టొచ్చు, దాని కోసం ఆగితే మెదడు ఆగదు. లివర్ భయం నిజమే, అందుకే మధ్యలో రక్తపరీక్ష చేస్తారు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా వెంటనే చెప్పు. టీబీ అని తేలితే ఏడాది దాకా మందులుంటాయి. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ కూడా ఇస్తారు, దానికి కంగారుపడకు.

కోనసీమ అన్న:
అక్కా, ఇప్పుడే డాక్టరుగారిని అడిగాను. మొదటిసారి పంపింది ఒక్క మిల్లీలీటరేనట. స్కాన్ చూసి, రేపు పొద్దున్న ఆరేడు మిల్లీలీటర్లు తీస్తామన్నారు. మందులు నడుస్తున్నాయి. చుట్టాలకి గట్టిగానే చెప్పేశాను. రేపు సీసా నేనే పట్టుకెళ్ళి ల్యాబ్‌లో ఇస్తానండి.