కుక్కకాటుకు పసరు చాలన్న వీడియోకి ఊరి గ్రూపులో ఏమని జవాబు రాయాలి?

ప్రశ్న: ఏఎన్ఎం_పల్నాడు

మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. కుక్క కరిస్తే పసరు మింగి, కాటు మీద కారం, సున్నం రుద్దితే చాలట, సూదులన్నీ కంపెనీల వ్యాపారమట. కింద "మా తాత ఎంతమందిని బతికించాడో, ఈ చదువుకున్నోళ్లకేం తెలుసు" అంటూ కామెంట్లు. ప్రభుత్వ పోస్టరు పెడితే ఎవరూ పట్టించుకోలేదు. రేబిస్ వచ్చాక బతకడం దాదాపు ఉండదని రాస్తే, భయపెడుతున్నానన్నారు. వైద్యపరంగా తప్పు లేకుండా, జనం వినేలా ఏం రాయాలి?

జవాబు: పీహెచ్‌సీ_వైద్యుడు

ముందు పసరు పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందో చెప్పండి. మీ పోస్టరులో లేనిది అదే. కరిచే కుక్కల్లో చాలావాటికి రేబిస్ ఉండదు. రేబిస్ ఉన్న కుక్క కరిచినా అందరికీ జబ్బు రాదు. కాబట్టి పసరు తాగినవాళ్లలో ఎక్కువమంది తాగకపోయినా బతికేవాళ్లే. పోయినవాళ్ల సంగతేమో ఎవరూ కాటుతో ముడిపెట్టరు. లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక బయటపడతాయి. అప్పటికి కాటు సంగతే ఇంట్లో మరిచిపోయి ఉంటారు.

ఇక చేయాల్సినవి. కాటును వెంటనే పంపు కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకునే కడగమనండి, లేకపోతే రెండు నిమిషాలకే ఆపేస్తారు. వైరస్‌కి కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విరగ్గొడుతుంది. కారం, సున్నం, పసరు రుద్దితే కండ చిట్లి వైరస్ లోపలి నరాలకు అందుతుంది.

చర్మం మీద గీరి రక్తం రాకపోతే టీకా చాలు. రక్తం వచ్చినా, పుండు మీదో నోట్లోనో కుక్క నాకినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కావాలి. అంటే వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలను తయారుగా ఇచ్చే మందు, దీన్నే సీరం అంటారు. దాన్ని గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. కిలో బరువుకు మనుషుల సీరమైతే 20 యూనిట్లు, గుర్రపు సీరమైతే 40. అరవై కిలోల మనిషికి 1,200 లేదా 2,400. మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపే ఇది ఇవ్వాలి, ఆ తర్వాత శరీరమే సొంతంగా ప్రతిరక్షకాలు తయారు చేసుకుంటుంది. చిన్న పీహెచ్‌సీల్లో సీరం ఉండకపోవచ్చు, ఏరియా ఆసుపత్రికి ఫోన్ చేసి ఉందని తెలుసుకున్నాకే పంపండి. గాయానికి కుట్లు వేయించొద్దు.

"టీకా వేయించుకున్నా పోయాడు" అనే మాట కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. 2022లో కేరళలో అలాంటి మరణాలు వార్తల్లోకొచ్చాయి. ముఖం, తల, చేతి వేళ్ల మీద కాటైతే నరాలు దట్టంగా ఉండి, దారి దగ్గరై, టీకా పని మొదలుపెట్టేలోపే వైరస్ మెదడుకు చేరే ప్రమాదముంది. సరిగ్గా అక్కడే కడగడం, సీరం ప్రాణం నిలబెడతాయి. ఈ విషయం దాచొద్దు. దాస్తే, బయటపడిన రోజున మీరు చెప్పిన మిగతావి కూడా ఎవరూ నమ్మరు.

జవాబు: ఆరోగ్య_ప్రచారం

ఆ వీడియోని ఖండించడానికైనా మళ్లీ గ్రూపులో పెట్టకండి. తప్పని చూపడానికి మీరు దాని మీద ఎర్ర గీత గీసినా, ఆ గీతను కత్తిరించి పక్క గ్రూపులో వేస్తారు. మొదటి వాక్యంలోనే చేయాల్సిన పని ఉండాలి. పసరు మాట మధ్యలో ఒక్కసారి, అది ఎందుకు చాలదో, మళ్లీ చేయాల్సిన పని. ముప్పై నలభై సెకన్ల వాయిస్ కూడా మీ గొంతుతో, మీ యాసలోనే పెట్టండి. చదవడం రానివాళ్లకూ అందుతుంది, ఎవరి మాటో తెలుస్తుంది. ఊరి పేరు, తేదీ కలపండి. ఐదు అంచెలు దాటి వచ్చిన సందేశాన్ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తుంది. కాబట్టి ఆశా కార్యకర్తలు ఎక్కడికక్కడ తమ పేరుతో కొత్తగా రాయడం మేలు.

పసరు ఇచ్చే పెద్దాయన్ని గ్రూపులో ఎగతాళి చేయొద్దు. ఇంటికెళ్లి మాట్లాడండి. ఆయనే "ముందు సబ్బు, తర్వాత ఆసుపత్రి" అంటే అంతకన్నా ఏం కావాలి!

జవాబు: పాత_టీకాలు

పై మాటకు ఒక్క షరతు: గాయం మీద ఆయన ఏదీ రాయకూడదు. అక్కడ రాజీ వద్దు.

ఇంకోటి. ఆ కామెంట్లను మూర్ఖత్వం కింద కొట్టేయకండి. పెద్దవాళ్లకు గుర్తున్నది బొడ్డు చుట్టూ పొడిచే పధ్నాలుగు సూదులు. అది గొర్రె మెదడు నుంచి చేసిన సెంపుల్ టీకా. కొందరిలో నరాల జబ్బులు తెచ్చింది కూడా. 2005 నాటికి మన దేశంలో దాన్ని మానేశారు. ఇప్పటిది కణాల్లో పెంచి చంపేసిన వైరస్‌తో చేసేది, వేసేది జబ్బకు. తాత భయం ఉత్తది కాదని ఒప్పుకుని, ఆ సూది ఇప్పుడు లేదని చెప్పండి.

ఏఎన్ఎం_పల్నాడు

ఇలా రాశాను: "కుక్క కరిస్తే వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. అదే రోజు ఆసుపత్రికి రండి, టీకా ఉచితం. పసరు తాగి బతికినవాళ్లను చాలావరకు రేబిస్ లేని కుక్కే కరిచి ఉంటుంది, ఏ కుక్కకు ఉందో చూసి చెప్పలేం. బొడ్డు సూదులు లేవు, జబ్బకే. 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు."

పీహెచ్‌సీ_వైద్యుడు

బాగుంది, చివరి వాక్యం మార్చండి. "0 రోజు" జనానికి అర్థం కాదు, మొదటి సూదినే ఒకటో రోజుగా లెక్కేసి తప్పిపోతారు. వారాలతో చెప్పండి: సోమవారం మొదలైతే గురువారం, మళ్లీ సోమవారం, ఆపైన మూడు వారాలకు సోమవారం. ఇది చర్మంలోకి రెండు జబ్బలకూ 0.1 మిల్లీలీటరు చొప్పున వేసే పద్ధతికి. ప్రైవేటులో కండకు వేస్తే ఐదుసార్లు, 14వ రోజు కూడా ఉంటుంది. పిరుదుకు వేయించుకోవద్దని కలపండి, కొవ్వులో టీకా సరిగా పనిచేయదు. కుక్కను పది రోజులు గమనించమనండి. అది బతికి ఆరోగ్యంగా ఉంటే డాక్టరు మిగతా సూదులు ఆపేయొచ్చు. మొదటి సూది మాత్రం ఆ పది రోజుల కోసం ఆగకూడదు.