ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ లేకపోయినా బ్రాకా పరీక్ష అందరికీ చేయాలా?

నిలువుటద్దం

మా గ్రూపులో దీని మీద తెగని వాదన నడుస్తోంది, ఇక్కడ తెలిసినవాళ్లు ఉంటారని పెడుతున్నా. బ్రాకా1, బ్రాకా2 జన్యువుల్లో హాని చేసే మార్పు పుట్టుకతో ఉంటే రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని 2013లో ఏంజెలీనా జోలీ తన సంగతి బయటపెట్టాక దాదాపు అందరికీ తెలిసిపోయింది. అయినా చాలాచోట్ల దగ్గరి బంధువులకు ఆ క్యాన్సర్లు వచ్చి ఉంటేనే పరీక్ష రాస్తారు. బ్రాకా1 ఉండేది 17వ క్రోమోజోమ్ మీద అని 1990లో చూపించిన మేరీ క్లెయిర్ కింగ్ మాత్రం, కుటుంబ చరిత్రతో పని లేకుండా ముప్ఫై ఏళ్లకి ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష అందుబాటులో పెట్టాలని 2014లో అన్నారు. నాకు ఆవిడ మాటే సబబనిపిస్తోంది. కాస్త రక్తమో ఉమ్మో ఇస్తే అయిపోయేదానికి ఇంత బెట్టు దేనికి?

అడ్డుప్రశ్న

ఇవ్వడం తేలికేనండీ, వచ్చిన రిపోర్టుతో బతకడం తేలిక కాదు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ లేదు, మా అక్కకి ఏదో హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి చేసేశారు. రిపోర్టులో హానికరం అనీ లేదు, మామూలే అనీ లేదు. బ్రాకా2లో ఒక్క అక్షరం మారింది, దాని ప్రభావం ఇంకా నిర్ధారణ కాలేదు అని ఒక లైను. దాని కింద చిన్న అక్షరాల్లో, ఈ ఫలితాన్ని బట్టి చికిత్స నిర్ణయాలు తీసుకోకూడదు అని ఇంకో లైను. ఆ రెండో లైను మా ఇంట్లో ఎవరూ చదవలేదు, మేం చూపించిన డాక్టరు కూడా చదివినట్టు లేడు, ఎందుకైనా మంచిది రొమ్ములు తీయించేసుకుంటే ఓ పనైపోతుంది కదా అన్నాడు. అక్క తిండీ నిద్రా మానేసింది. కొన్నాళ్లకి ఆ ల్యాబే సవరించిన రిపోర్టు పంపింది, అది నిరపాయమైన మార్పేనట. ఈలోపు ఆపరేషన్ అయిపోయి ఉంటే?

పిపెట్టు

అడ్డుప్రశ్న గారూ, అక్కడ తప్పు పరీక్షది కాదు, చదివిన మనిషిది. జన్యు ల్యాబులో పని చేస్తా కాబట్టి చెప్తున్నా. ఇలా నిర్ధారణ కాని మార్పుల్ని తర్వాత కొత్త ఆధారాలతో మళ్లీ వర్గీకరించినప్పుడు, వర్గం మారినవాటిలో పదింట తొమ్మిది నిరపాయం వైపే పోతాయని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. వాటిని చూసి కత్తి పట్టుకోవడం ఏ మార్గదర్శకాల్లోనూ లేదు.

అసలు ఈ జన్యువులు చేసే పనేంటో కొంచెం చెప్తా, లేకపోతే వాదన గాల్లోనే ఉంటుంది. ఒక్కో కణంలో డీఎన్ఏకి రోజూ వేలల్లో దెబ్బలు తగులుతాయి, ఎండా పొగా ఏమీ లేకపోయినా సరే, కణంలో ఉండే నీళ్లూ ఆక్సిజనూ చాలు. ఆ మరమ్మతుల గుట్టు విప్పినందుకే లిండాల్, మోడ్రిచ్, సాన్జార్ ముగ్గురికీ 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. దెబ్బల్లోకెల్లా ప్రమాదకరమైంది డీఎన్ఏలో జంటగా ఉండే రెండు పోగులూ ఒకేచోట తెగిపోవడం. ఒక్క పోగు పాడైతే ఎదుటి పోగుని చూసి సరిచేసుకోవచ్చు, రెండూ తెగితే చూసుకోవడానికి పక్కన ఏమీ మిగలదు. అప్పుడు కణం తన డీఎన్ఏ రెండో నకలు దగ్గరికి వెళ్లి, అందులో సరిగ్గా అదే భాగం వెతుక్కుని, దాని ప్రకారం ఖాళీ పూరిస్తుంది. తెగిన కొసల మీద రాడ్51 అనే ప్రొటీన్‌ని ఎక్కించి ఆ వెతుకులాట చేయించేది బ్రాకా2. కొసల్ని అందుకు సిద్ధం చేయించడంలో బ్రాకా1 చెయ్యి ఉంటుంది. ఇవి లేకపోతే దొరికిన కొసని దొరికినట్టు కలిపేయడమే, మధ్యలో కొంత పోతుంది, ఒక్కోసారి వేరే క్రోమోజోమ్ ముక్క వచ్చి అతుక్కుంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చేది ఒక కాపీలో లోపం మాత్రమే, రెండో కాపీ తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఏదో ఒక కణంలో అది కూడా పోతేనే అసలు కథ మొదలవుతుంది. అందుకే లోపం ఉన్న అందరికీ క్యాన్సర్ రాదు.

లెక్కల పంతులు

"బాగా పెరుగుతుంది" అంటే ఎంతో చెప్పకుండా వాదించుకోవడం ఏంటండీ. 2017లో ఈ లోపాలున్న దాదాపు 10 వేల మంది స్త్రీల మీద వచ్చిన అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బ్రాకా1తో 72 శాతం, బ్రాకా2తో 69. అండాశయ క్యాన్సర్‌కైతే 44, 17. పోల్చుకోవడానికి, అమెరికాలో సగటు స్త్రీకి జీవితకాలంలో రొమ్ము క్యాన్సర్ 13 శాతం, అండాశయానిది ఒక శాతం చిల్లర. భయంకరంగానే ఉంది, కాదనను. కానీ అలాంటి అధ్యయనాల్లో చేరేవాళ్లు ఎక్కువగా క్యాన్సర్ ఉన్న కుటుంబాల నుంచి వస్తారు. దగ్గరి బంధువుల్లో ఎంత ఎక్కువమందికి రొమ్ము క్యాన్సర్ వస్తే ఆ మనిషికి రిస్కు అంత పెరిగిందని ఆ అధ్యయనంలోనే ఉంది. ఆ 72ని తీసుకొచ్చి, ఇంట్లో ఎవరికీ ఏమీ లేని అమ్మాయి చేతిలో పెట్టడం న్యాయం కాదు.

నిలువుటద్దం

పంతులుగారూ, మీకు జవాబు 2014లోనే వచ్చింది. ఇజ్రాయెల్‌లో 8 వేల మందికి పైగా ఆరోగ్యంగా ఉన్న అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న) యూదు మగవాళ్లని పరీక్షించి, లోపం దొరికినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లని చూశారు. అంటే క్యాన్సర్ ఉందని ఏరుకున్న కుటుంబాలు కావు. అయినా 80 ఏళ్లకి రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో ఏదో ఒకటి వచ్చే అవకాశం బ్రాకా1తో 83 శాతం, బ్రాకా2తో 76. పైగా ఆ కుటుంబాల్లో సగానికి, పరీక్ష చేయించుకోవాలన్న అనుమానం వచ్చేంత చరిత్రే లేదు. అంటే ఇప్పటి పద్ధతి సగం మందిని గాలికి వదిలేస్తోంది.

లెక్కల పంతులు

ఆ జనాభాలో 40 మందిలో ఒకరికి ఉంటుంది, అందులోనూ దాదాపు అన్నీ మూడే మూడు మార్పులు. వెతకడం సులువు, దొరికితే అర్థం కూడా స్పష్టం. మిగతా ప్రపంచంలో కొన్ని వందల మందిలో ఒకరికి, అదీ వేల రకాల మార్పులు. 2018లో అమెరికాలో ఇంట్లోనే చేసుకునే కిట్ ఒకదానికి అనుమతి వచ్చింది చూడండి, అప్పట్లో అది చూసింది ఆ మూడింటినే. వేరే జనాభాకి చెందినవాళ్లు అందులో ఏమీ లేదని వస్తే "నాకు బ్రాకా లేదు" అని ఊపిరి పీల్చుకున్నారు. చూడని చోట లేదని ఎలా చెప్తారు?

గళ్లూ సున్నాలూ

ఎవరూ ఏమీ అనుకోకపోతే ఇంటి విషయం ఒకటి. మా అమ్మకి అండాశయ క్యాన్సర్ మూడో దశలో బయటపడింది. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే లేదనే చెప్పాం, నిజంగానే లేదు. తర్వాత పరీక్షలో బ్రాకా1 లోపం తేలింది. జన్యు పరీక్షల గురించి వివరించే కౌన్సెలర్ మేడమ్ తెల్లకాగితం మీద వంశవృక్షం గీశారు, మగవాళ్లకి చదరపు గడి, ఆడవాళ్లకి సున్నా. తాతయ్య వైపు వరసాగ్గా గళ్లే, నాలుగు తరాల్లో ఒక్కటంటే ఒక్క సున్నా, ఆవిడ కూడా చిన్నప్పుడే ఇంకేదో జబ్బుతో పోయారు. మేడమ్ ఆ గళ్ల మీద పెన్ను పెట్టి, ఇలా వచ్చిందమ్మా, వీళ్లలో బయటపడే అవకాశమే తక్కువ అన్నారు. ఇప్పుడు చెప్పండి, చరిత్ర ఉంటేనే పరీక్ష అంటే మా అమ్మలాంటివాళ్లకి ఎప్పటికి చేస్తారు?

అడ్డుప్రశ్న

అమ్మగారు త్వరగా కోలుకోవాలండీ. కానీ ప్రశ్న ప్రశ్నే కదా. ముప్ఫై ఏళ్లకి తెలిస్తే ఏం చేస్తారు? రొమ్ముకైతే ఏటా ఎమ్మారై ఉంది, సరే. అండాశయానికి నమ్మదగ్గ స్క్రీనింగే లేదు. బ్రాకా1 ఉంటే పిల్లల్ని కనేశాక 35-40 మధ్య అండాశయాలూ ఫెలోపియన్ ట్యూబులూ తీయించుకోమంటారు. అంటే 38కే మెనోపాజ్, దాని వెనకాలే ఎముకల సమస్యలూ గుండె సమస్యలూ. పెళ్లి, పిల్లలు అన్నీ ఆ గడువు చుట్టూ తిరగాలి. ఎప్పటికీ క్యాన్సర్ రాని మనిషికి కూడా ఇదంతా పెడుతున్నాం.

పిపెట్టు

గళ్లూ సున్నాలూ గారూ, అమ్మగారికి ఓలాపరిబ్ లాంటి మందు ఇస్తున్నారా? అడగడానికి కారణం ఉంది. రోగికి పరీక్ష చేయాలా వద్దా అన్నదాంట్లో ఇప్పుడు పెద్దగా గొడవ లేదు, ఎందుకంటే జవాబుని బట్టి మందు మారుతుంది. పార్ప్ అనే ఎంజైము ఒక్క పోగు తెగిన చోట్లని సరిచేయడంలో సాయపడుతుంది. ఈ మందు దాన్ని డీఎన్ఏ మీదే ఇరుక్కుపోయేలా చేస్తుంది, కణం నకలు తీసుకునేటప్పుడు అక్కడ రెండు పోగులూ తెగుతాయి. ఒంట్లో మామూలు కణాలకి ఒక మంచి కాపీ ఉంది కాబట్టి బాగుచేసుకుంటాయి. కణితి కణాలకి రెండూ పోయాయి కాబట్టి చస్తాయి. అంటే క్యాన్సర్‌కి దారి తీసిన లోపమే దాని ప్రాణం మీదికి వస్తుంది. 2005లో రెండు బృందాలు ఒకేసారి ఇది చూపించాయి, 2014 చివర్లో అమెరికాలో మందుకి అనుమతి వచ్చింది. 2021లో వచ్చిన ఒలింపియా ట్రయల్లో, తొలిదశలోనే ఉన్నా తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్న రొమ్ము క్యాన్సర్ రోగులకి ఏడాదిపాటు ఇస్తే, మూడేళ్లకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 85.9 శాతం, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 77.1.

సర్వరోగ నివారిణి అనుకోకండి. కొందరిలో కణితి ఇంకో మార్పు తెచ్చుకుని పాడైన బ్రాకాని మళ్లీ పనిలోకి దింపుతుంది, అప్పుడు ఈ మందూ ప్లాటినం కీమో రెండూ పనిచేయవు. దీన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, మన కణాలకి మేలు చేయాల్సిన మరమ్మతు కణితికి ఉపయోగపడటం.

గళ్లూ సున్నాలూ

అవునండీ, కీమో అయ్యాక అదే మొదలుపెట్టారు. నీరసం, రక్తం తగ్గడం ఉన్నాయి, డోసు ఒకసారి తగ్గించారు.

పేగు పక్షం

అందరూ బ్రాకా బ్రాకా అంటున్నారు, అందరికీ పరీక్ష అనేది మొదలుపెడితే లించ్ సిండ్రోమ్‌తో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు పడే అచ్చుతప్పులు దిద్దే జన్యువులు నాలుగున్నాయి, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2. వీటిలో లోపం సుమారు 280 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు చిన్న వయసులోనే వస్తాయి. అడ్డుప్రశ్న గారు అడిగిన "తెలిస్తే ఏం చేస్తారు" అన్నదానికి ఇక్కడ మంచి జవాబుంది. ఏడాదికో రెండేళ్లకో కొలొనోస్కోపీ చేసి పాలిప్‌ని (పేగు లోపల పెరిగే బుడిపెని) క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు, అవయవం పోగొట్టుకోనక్కర్లేదు. 861 మంది లించ్ ఉన్నవాళ్ల మీద చేసిన ట్రయల్లో రోజుకి 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ పెద్దపేగు క్యాన్సర్లని తగ్గించింది కూడా (ఎవరూ సొంతంగా మింగేయకండి, కడుపులో రక్తం కారుతుంది). ఒకవేళ వచ్చినా, దిద్దని తప్పులు కుప్పలుగా ఉండటంతో ఆ కణితిని రోగనిరోధక వ్యవస్థ తేలిగ్గా గుర్తుపడుతుంది. 2022లో ఇలాంటి లోపమున్న మలాశయ క్యాన్సర్ రోగులకి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఒక్కటే ఇచ్చారు, చికిత్స పూర్తిచేసిన 12 మందికి 12 మందిలోనూ కణితి కనపడకుండా పోయింది, ఆపరేషనూ రేడియేషనూ లేకుండా. చిన్న ట్రయలే, కానీ పన్నెండుకి పన్నెండు అండీ!

మీసాలరాయుడు

ఇంతకీ మగవాళ్లం మాకు ఇదంతా వర్తిస్తుందా, పక్కన కూర్చోవాలా?

పిపెట్టు

వర్తిస్తుంది సార్. మీకు లోపం ఉంటే ప్రతి బిడ్డకీ, కొడుకైనా కూతురైనా, వెళ్లే అవకాశం సగానికి సగం. బ్రాకా2 ఉన్న మగవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువ, అదీ మొండి రకం, పాంక్రియాస్‌ది కూడా పెరుగుతుంది, రొమ్ము క్యాన్సర్ కూడా కొంత. ఇంట్లో జబ్బు వచ్చిన మనిషి ఉంటే ముందు ఆ మనిషికే చేయాలి. ఏ మార్పో తేలాక మిగతావాళ్లలో ఆ ఒక్కదాన్నే వెతికితే చాలు, జవాబు అవునా కాదా అని సూటిగా వస్తుంది. గళ్లూ సున్నాలూ గారూ, మీ మామయ్యలకి చెప్పారా?

నిలువుటద్దం

అంటే ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చేదాకా ఆగాలన్నమాట. నేను మొదట్నుంచీ గొడవ పడుతోంది దాని మీదేగా!

పిపెట్టు

ఆగమనడం లేదండీ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి చేస్తే హానికరమని ఖాయంగా తేలిన మార్పుల్నే రిపోర్టులో రాయాలి, నిర్ధారణ కానివి రాయకూడదు. ఫలితం కౌన్సెలర్ చేతుల మీదుగానే వెళ్లాలి. ఆ రెండూ ఉంటే నేను మీ వైపే.

అడ్డుప్రశ్న

ఆ రెండు షరతులూ ఎవరైనా రాసిస్తే నేనూ రక్తం ఇస్తా. హెల్త్ ప్యాకేజీలో ఫ్రీగా పడేస్తామంటే మాత్రం ఇవ్వను. మా అక్క ఎలాగూ రాదు.